గాల్బా ఎగ్గొట్టిన బాకీ: క్రీ.శ. 69లో రోమ్ సింహాసనం అన్ని చేతులు ఎందుకు మారింది

నీరో దుర్మార్గుడు కాబట్టి పోయాడు. గాల్బా పిసినారి కాబట్టి ఏడు నెలల్లో పోయాడు. ఓథో సోకులరాయుడు, విటెలియస్ తిండిపోతు, అందుకే ఇద్దరూ నెలల్లోనే ముగిసిపోయారు. చివరికి నిదానస్తుడైన వెస్పేసియన్ వచ్చి ఇల్లు చక్కబెట్టాడు. క్రీ.శ. 68 జూన్ నుంచి 69 డిసెంబర్ దాకా రోమ్‌లో జరిగిన అధికార మార్పిళ్లను మామూలుగా ఇలాగే చెబుతుంటారు. చెప్పడానికి తేలిక, వినడానికి రుచి. కానీ ఇలా చెప్పడం వల్ల అసలు సంగతి మరుగున పడిపోతోందని నా గట్టి అభిప్రాయం. గుణగణాల పట్టికతో ఆ ఏడాదిన్నరను అర్థం చేసుకోలేం. అధికారం చేతులు మారిన ప్రతిసారీ సైనికుడికి ఎవరు ఎంత ఇస్తామన్నారు, ఇచ్చారా లేదా, ఇవ్వరన్న సంగతి ఏ రోజున తేలిపోయింది అని అడిగితే, ఆ గందరగోళం ఒక లెక్కల పుస్తకంలా తెరుచుకుంటుంది.

లెక్క మొదలయ్యేది అగస్టస్ దగ్గర. రోమ్‌లో చక్రవర్తి అనే పదవి చట్టంలో ఎక్కడా లేదు. క్రీ.పూ. 27లోనూ, మళ్లీ క్రీ.పూ. 23లోనూ అగస్టస్ సెనేట్‌తో కుదుర్చుకున్న ఏర్పాటు ప్రకారం పాత గణతంత్ర పదవులన్నీ అలాగే ఉంటాయి. వాటికుండే అధికారాల్లో కొన్ని మాత్రం ఒకే మనిషికి దఖలు పడతాయి. ప్రజల పక్షాన తీర్మానాలను అడ్డుకోగల ప్రజా ట్రిబ్యూన్ అధికారం, సైన్యాలున్న రాష్ట్రాల మీద మిగతా గవర్నర్లందరికంటే పై అధికారం, ఈ రెండూ అందులో ముఖ్యమైనవి. అవి ఆ మనిషికి ఇచ్చినవి, మనిషి పోతే అవీ పోతాయి. ఆస్తికి వారసుడుంటాడు గానీ ట్రిబ్యూన్ అధికారానికి వారసుడుండడు.

ఇది అగస్టస్‌కు తెలియక జరిగింది కాదు. రాజు అనే మాట వినబడితే రోమన్లు మండిపడతారు. జూలియస్ సీజర్ ప్రాణం తీసింది ఆ అనుమానమే. అందుకే వారసత్వ చట్టం రాయకుండా, తన కుటుంబంలోనే ఒకరిని దగ్గరకు తీసి, బతికుండగానే అధికారాల్లో వాటా ఇచ్చే పద్ధతి పెట్టుకున్నాడు. మేనల్లుడు మార్సెలస్ క్రీ.పూ. 23లో పోయాడు. అల్లుడు అగ్రిప్పా క్రీ.పూ. 12లో పోయాడు. దత్తత తీసుకున్న మనవలిద్దరూ క్రీ.శ. 2లో ఒకరు, 4లో ఒకరు పోయారు. మిగిలిన టైబీరియస్‌ను క్రీ.శ. 4లో దత్తత చేసుకున్నాడు. 14 ఆగస్టు 19న అగస్టస్ కన్నుమూసేసరికి టైబీరియస్ చేతిలో అధికారాలు ముందే ఉన్నాయి కాబట్టి రోమ్‌లో పెద్ద అలజడి లేదు. సరిహద్దుల్లో అలా జరగలేదు. చావు కబురు అందగానే రైన్, డాన్యూబ్ శిబిరాల్లో సైనికులు తిరగబడ్డారు. మా శరీరానికీ ప్రాణానికీ రోజుకు పది అస్సుల (చిన్న రాగి నాణేలు) వెల కట్టారు, అందులోనే బట్టలూ ఆయుధాలూ గుడారాలూ కొనుక్కోవాలి, పని తప్పించుకోవడానికి దళనాయకుడైన సెంచూరియన్‌కు లంచమూ ఇచ్చుకోవాలి అన్నది వాళ్ల ఫిర్యాదు. పాలకుడు మారే ఆ కాస్త సందు తమ మాట చెల్లే సమయమని సైనికులు మొదటిరోజే కనిపెట్టారు.

ఆ సందుకు ధర పలికింది మాత్రం 41లో. జనవరి 24న కాలిగులాను చంపేశారు. సెనేటర్లు గణతంత్రాన్ని తిరిగి తెద్దామా అని చర్చించుకుంటుండగా, రోమ్‌లోనే ఉండే ప్రిటోరియన్ గార్డు దళం కాలిగులా చిన్నాన్న క్లాడియస్‌ను తమ శిబిరానికి తీసుకుపోయి చక్రవర్తిగా ప్రకటించింది. ఆయన ఒక్కొక్కరికి 15,000 సెస్టర్సులు ఇస్తానన్నాడు. ప్రిటోరియన్ జీతం ఏడాదికి సుమారు 3,000. అంటే ఐదేళ్ల జీతం ఒక్కరోజులో. అగస్టస్ వీలునామాలో వాళ్లకు రాసింది తలకు 1,000 మాత్రమే. క్లాడియస్ ఆ బేరాన్ని దాచుకోలేదు కూడా. ప్రిటోరియన్ శిబిరం గోడలు ముద్రించిన నాణేలు వేయించాడు. 54లో నీరో కూడా మొదట శిబిరానికే వెళ్లి, అదే స్థాయిలో కానుక ప్రకటించి, ఆ తర్వాతే సెనేట్‌లో అడుగుపెట్టాడు. అప్పటికి ఇది రివాజైపోయింది: మొదట శిబిరం, తర్వాత కానుక, ఆ తర్వాత సెనేట్ తీర్మానం, ఆపైన రాష్ట్రాలకు ఉత్తరాలు, ప్రతి జనవరి 1న అన్ని శిబిరాల్లో చక్రవర్తి పేరిట విధేయత ప్రమాణం.

ఈ కానుకను లంచం అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు సైనికుడి జీతం చిట్టా ఒకసారి చూడాలి. సుమారు 5,000 మంది ఉండే సేనావిభాగం లీజియన్. అందులో సైనికుడి జీతం ఏడాదికి 225 డెనారియస్‌లు, అంటే 900 సెస్టర్సులు, మూడు వాయిదాల్లో ఇచ్చేవారు. 80 ప్రాంతాల నాటి ఈజిప్టు పాపిరస్ ఒకదానిలో ఒక సైనికుడి ఖాతా రాసి ఉంది. ఒక వాయిదా కింద జమ 248 ద్రాక్మాలు (ఈజిప్టులో చెల్లిన నాణేలు). అందులో గడ్డికి 10, తిండికి 80, చెప్పులకూ పట్టీలకూ 12, శిబిరంలో శాటర్నేలియా పండగకు 20, బట్టలకు 60 కోత. మొత్తం కోత 182, చేతికి మిగిలింది 66. ఇరవై ఏళ్లకు పైగా సాగే కొలువులో ఏ పొలమో కొనుక్కునేంత డబ్బు ఒక్కసారిగా కంటపడేది చక్రవర్తి మారినప్పుడే. అలాంటి మనిషికి మాట ఇచ్చి తప్పితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద రాజనీతి అక్కర్లేదు.

ఇక 68కి వద్దాం. నీరో పతనానికి చాలా కారణాలు చెబుతారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది 67లో జరిగింది. తూర్పున పేరు తెచ్చుకున్న సేనాని కార్బులోను గ్రీసుకు పిలిపించి ఆత్మహత్య చేసుకొమ్మన్నాడు. రైన్ సరిహద్దులోని రెండు సైన్యాల అధిపతులైన స్క్రైబోనియస్ సోదరులకూ అదే గతి పట్టించాడు. గెలిచినా చావే, ఊరుకున్నా చావే అని గవర్నర్లందరికీ తెలిసిపోయింది. అప్పటికే ఖజానా ఖాళీ. 64 అగ్నిప్రమాదం తర్వాత నగరం తిరిగి కట్టే ఖర్చు మీద పడింది. ఒక పౌండు వెండితో 84 డెనారియస్‌లు కొట్టే టంకశాల 96 కొట్టడం మొదలుపెట్టింది, వెండిలో కల్తీ కూడా పెరిగింది. దీని నీడ మన దేశం దాకా పడిందన్నది నాణేల నిపుణులు చాలామంది అనే మాట. తెలుగు నేల మీద, నల్గొండ జిల్లా అక్కనపల్లి వంటి చోట్ల బయటపడిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్ బొమ్మలున్న పాత బరువు నాణేలదే పెద్ద వాటా.

68 మార్చిలో గాల్‌లోని, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని, లుగ్డునెన్సిస్ రాష్ట్ర గవర్నర్ విండెక్స్ తిరుగుబాటు చేశాడు. ఆయన చేతిలో ఒక్క లీజియన్ కూడా లేదు. అందుకే స్పెయిన్‌లో గవర్నర్‌గా ఉన్న గాల్బాకు కబురు పెట్టాడు. గాల్బా దగ్గర ఉన్నది ఒక్క లీజియన్, ఇంకొకటి అప్పటికప్పుడు చేర్చుకున్నాడు. మే నెలలో ఎగువ జర్మనీ గవర్నర్ వెర్జీనియస్ రూఫస్ సైన్యం వెసొంటియో దగ్గర విండెక్స్‌ను చిత్తు చేసింది. గెలిచిన సైనికులు వెర్జీనియస్‌నే చక్రవర్తివి కమ్మన్నారు, ఆయన ఒప్పుకోలేదు. అక్కడితో తిరుగుబాటు అణగిపోవాల్సింది. గాల్బా కూడా ఆశ వదులుకున్నాడు. కథను తిప్పింది రోమ్‌లోని ప్రిటోరియన్ ప్రిఫెక్ట్, అంటే ఆ దళాధిపతి, నింఫిడియస్ సబైనస్. నీరో ఈజిప్టుకు పారిపోయాడని సైనికులను నమ్మించి, గాల్బా పేరిట ప్రిటోరియన్లకు తలకు 30,000, లీజియన్ సైనికులకు తలకు 5,000 సెస్టర్సులు ఇస్తానని మాట ఇచ్చేశాడు. కాపలా దళం తప్పుకుంది. సెనేట్ నీరోను దేశద్రోహిగా ప్రకటించింది. జూన్ 9న, నగరానికి నాలుగు మైళ్ల దూరంలోని ఒక విముక్త బానిస ఇంట్లో, ముప్పై ఏళ్ల నీరో గొంతులో కత్తి పొడుచుకున్నాడు.

ఆ మాట ఖరీదు ఎంతో లెక్క వేసి చూద్దాం. ప్రిటోరియన్లు పది వేల మంది అనుకుంటే 30 కోట్ల సెస్టర్సులు. సామ్రాజ్యమంతటా సుమారు 30 లీజియన్లు, ఒక్కోదాంట్లో 5,000 మంది అనుకుంటే మరో 75 కోట్లు. మొత్తం వంద కోట్లు దాటుతుంది. లీజియన్లన్నిటి ఏడాది మూలవేతనం అదే లెక్కన 13.5 కోట్లు. అంటే ఇది తీర్చగలిగే మాట కాదు. ఈ ఒక్క విషయంలో గాల్బాను సమర్థించేవాళ్లతో నేను ఏకీభవిస్తాను. అంత డబ్బు ఎవరూ ఇవ్వలేరు.

కానీ పూర్తిగా తీర్చలేని బాకీ ఉన్నవాడు చేయాల్సింది కొంత కట్టి గడువు అడగడం. గాల్బా ఒక్క కాసు కూడా ఇవ్వలేదు. పైగా “నేను సైనికులను ఎంచుకుంటాను, కొనుక్కోను” అన్నాడు. ఈ వాక్యాన్ని రెండు వేల ఏళ్లుగా మెచ్చుకుంటున్నారు. నేను మెచ్చుకోలేను. ఆ మాట అనే హక్కు జూన్‌కు ముందైతే ఉండేది. ఆ వాగ్దానం వల్ల వచ్చిన పదవిలో కూర్చుని, అది నా మాట కాదు అనడం నీతి అనిపించుకోదు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఆ మాట రాజ్యానికి గౌరవమైనదేనని మెచ్చుకున్నా, ఆ పిసినారి ముసలాయన ఏ కాస్త ఇచ్చినా సైనికులు చల్లబడేవాళ్లని తనే రాశాడు.

గాల్బా వేసిన అడుగులన్నీ దీనికి తోడయ్యాయి. 68 శరదృతువులో రోమ్‌లోకి వస్తూనే, నీరో చేర్చుకున్న నౌకాదళ సైనికులు తమను లీజియన్‌గా గుర్తించమని మిల్వియన్ వంతెన దగ్గర గొడవ చేస్తే వాళ్ల మీదికి గుర్రాలను తోలించాడు. వందల్లో చచ్చారో వేలల్లోనో గానీ నగరం హడలిపోయింది. నీరో పంచిపెట్టిన 220 కోట్ల సెస్టర్సులను తిరిగి రాబట్టమని సెనేటర్ల తర్వాతి ధనిక శ్రేణి అయిన గుర్రపు వర్గానికి చెందిన పెద్దమనుషులతో ఒక సంఘం వేశాడు. పుచ్చుకున్నవాళ్లు పదో వంతు ఉంచుకుని తొమ్మిది వంతులు కట్టాలి. వాళ్ల దగ్గర ఆ పదో వంతు కూడా మిగల్లేదు, ఎప్పుడో ఊదేశారు. ఊరంతా వేలంపాటలు, దావాలు. ఖజానాకు పెద్దగా చేరిందేమీ లేదు, శత్రువులు మాత్రం పోగయ్యారు. గార్డు దళాల ట్రిబ్యూన్లను, అంటే సైన్యాధికారులను, కొందరిని కొలువు నుంచి తీసేశాడు, మిగిలినవాళ్లకు తమ వంతు ఎప్పుడోనన్న భయం పట్టుకుంది.

అన్నిటికంటే చెడ్డది రైన్ వ్యవహారం. అక్కడ ఏడు లీజియన్లున్నాయి, సామ్రాజ్యంలో అంత బలగం ఒక్కచోట ఇంకెక్కడా లేదు. వాళ్లు విండెక్స్‌ను ఓడించి, బహుమానం కోసం ఎదురుచూస్తున్నారు. గాల్బా విండెక్స్ పక్షాన నిలిచిన గాల్ తెగలకు పన్ను తగ్గించి, పౌరసత్వం ఇచ్చి, వీళ్లను మాత్రం పక్కన పెట్టాడు. వాళ్లకు ఇష్టమైన వెర్జీనియస్‌ను వెనక్కి పిలిచి, కీళ్లవాతంతో కదల్లేని హోర్డియోనియస్ ఫ్లాకస్‌ను పైన కూర్చోబెట్టాడు. దిగువ జర్మనీకి విటెలియస్‌ను పంపాడు.

జనవరి 1 ప్రమాణం రోజు రానే వచ్చింది. మొగొంటియాకమ్‌లో, అంటే ఇప్పటి మైంజ్‌లో, 4వ, 22వ లీజియన్ల సైనికులు గాల్బా బొమ్మలను పగలగొట్టి, సెనేట్ పేరిటా ప్రజల పేరిటా ప్రమాణం చేశారు. ఆ రాత్రే 4వ లీజియన్ డేగ పతాకం మోసేవాడు కొలోన్ చేరి, విందులో ఉన్న విటెలియస్‌కు కబురు చెప్పాడు. 2వ తేదీన లీజియన్ అధిపతి ఫేబియస్ వాలెన్స్ గుర్రపు దళంతో వచ్చి విటెలియస్‌ను చక్రవర్తిగా ప్రకటించాడు. 3వ తేదీకల్లా ఎగువ సైన్యమూ చేరిపోయింది. ఏడాదికి ఒక్కసారి వచ్చే ప్రమాణం రోజున, శిబిరమంతా ఒకచోట బారులు తీరి ఉన్న వేళ అసమ్మతి బయటపడితే ఇక ఆపేవాళ్లుండరు. మిగతా రోజుల్లో అదే కోపం గుడారాల్లో గొణుగుడుగానే ఉండిపోయేది.

మైంజ్ కబురు కొన్ని రోజుల్లో రోమ్ చేరింది. తనకు పిల్లలు లేకపోవడం వల్లే ఈ తిరుగుబాటు వచ్చిందని గాల్బా అనుకున్నాడు. జనవరి 10న, ఉరుములూ మెరుపులూ వానల మధ్య, పైసో అనే గొప్ప వంశస్థుడిని ప్రిటోరియన్ శిబిరంలో దత్తత ప్రకటించాడు. మంచివాడే, ముప్పై ఒకటో ఏట ఉన్నాడు, చేతిలో ఒక్క సైనికుడు లేడు. ప్రసంగంలో కానుక ఊసు లేదు. శిబిరంలో ముందు వరుసలో ఉన్న ట్రిబ్యూన్లూ సెంచూరియన్లూ జేజేలు కొట్టారు, వెనక ఉన్నవాళ్లంతా కిమ్మనకుండా నిలబడ్డారు. అగస్టస్ పద్ధతిని అక్షరాలా పాటించానని గాల్బా అనుకున్నాడు. అగస్టస్ దత్తత తీసుకున్నవాళ్ల వెనక అప్పటికే సైన్యాల అనుభవమో, సీజర్ వంశం పేరో ఉండేదన్న సంగతి ఆయన గుర్తించలేదు.

గాల్బా పక్షాన మొదట చేరినవాళ్లలో ఒకడైన ఓథోకు ఆ సంగతి బాగా తెలుసు. దత్తత తనకే వస్తుందని ఆశపడి, చాలాకాలంగా పని చేసుకుంటూ వచ్చాడు. గాల్బా తన ఇంట్లో భోంచేసిన ప్రతిసారీ కాపలాకు వచ్చిన దళంలో మనిషికి 100 సెస్టర్సులు చేతిలో పెట్టేవాడు. ఆశ వమ్మయ్యాక పని ఓనోమాస్టస్ అనే తన విముక్త బానిసకు అప్పగించాడు. అతను పట్టుకున్నది ఇద్దరిని: దళంలో సంకేతపదం అందించే బార్బియస్ ప్రొక్యులస్, అతని పై ఉద్యోగి వెటూరియస్. ఇద్దరు మామూలు సైనికులు రోమన్ సామ్రాజ్యాన్ని చేతులు మార్చే పని ఒప్పుకున్నారు, మార్చేశారు అని టాసిటస్ రాసిన వాక్యం చదివిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

జనవరి 15 పొద్దున పాలటైన్ కొండ మీద అపోలో గుడి ముందు గాల్బా బలి ఇస్తున్నాడు. పక్కనే ఓథో నిలబడి ఉన్నాడు. పూజారి ఉంబ్రీసియస్ బలిపశువు పేగులు చూసి, కుట్ర పొంచి ఉంది, శత్రువు ఇంట్లోనే ఉన్నాడు అన్నాడు. అంతలో ఓనోమాస్టస్ వచ్చి, మేస్త్రీలు ఎదురుచూస్తున్నారని చెప్పాడు. అది ముందే అనుకున్న గుర్తు. పాత ఇల్లొకటి కొంటున్నాను, చూసుకోవాలి అని ఓథో కొండ దిగి, శాటర్న్ గుడి దగ్గరి బంగారు మైలురాయి చేరాడు. అక్కడ ఉన్నది 23 మంది సైనికులు. ఇంత తక్కువమందా అని ఓథోయే బెదిరిపోయాడు. వాళ్లు ఆయన్ను కుర్చీలో ఎక్కించి, కత్తులు దూసి, శిబిరం వైపు పరుగుపెట్టారు. దారిలో ఇంకొందరు కలిశారు, కొందరు విషయం తెలిసి, ఎక్కువమంది తెలియక. శిబిరం గేటు దగ్గర డ్యూటీలో ఉన్న ట్రిబ్యూన్ జూలియస్ మార్షియాలిస్ అడ్డుకోలేదు. మధ్యాహ్నానికి గాల్బా ఫోరమ్‌లో పల్లకీలోంచి కిందపడి సైనికుల చేతిలో చచ్చిపోయాడు, పైసోను వెస్టా గుడి గుమ్మం దగ్గర చంపారు. ఆ రోజు నేను ఈ ఘనకార్యం చేశాను, బహుమానం ఇప్పించండి అంటూ తర్వాత 120కి పైగా అర్జీలు వచ్చాయి. అవి దస్త్రాల్లో విటెలియస్‌కు దొరికాయి, రాసినవాళ్లందరినీ వెతికించి చంపించాడు.

23 మందితో సామ్రాజ్యం ఎలా వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. మిగతా వేలమంది గాల్బా కోసం కత్తి తీయడానికి కారణం లేదు, అంతే. కుట్రదారుల బలం ఏమీ లేదు, వాళ్లను ఆపాల్సినవాళ్లకు ఆపాలన్న మనసు లేదు.

ఓథో పరిస్థితి దయనీయం. తాను సంపాదించుకున్న పదవికి పదమూడు రోజుల ముందే కొలోన్‌లో ఇంకో హక్కుదారు పుట్టాడు. అయినా ఓథో చేసిన ఒక పని గురించి ఎవరూ తగినంత చెప్పరు. సైనికులు సెలవు కోసం సెంచూరియన్‌కు డబ్బు కట్టే దురాచారం ఒకటి ఉండేది. ఎప్పుడు చూసినా దళంలో నాలుగో వంతు మంది డబ్బు కట్టి బయట తిరుగుతుండేవాళ్లు, ఆ డబ్బు కోసం దొంగతనాలకూ కూలిపనికీ దిగేవాళ్లు. డబ్బున్నవాడిని అది కట్టేదాకా చాకిరీతో చంపేవాళ్లు. ఓథో ఈ రుసుమును ఖజానా నుంచే సెంచూరియన్లకు ఇస్తానని ఒప్పుకున్నాడు. సెంచూరియన్ ఆదాయం పోలేదు, సైనికుడి జేబు మిగిలింది. అదే నెలలో జర్మనీలో విటెలియస్ కూడా సరిగ్గా ఇదే పని చేశాడు. ఎవరు గెలిచినా సైనికుల మొదటి కోరిక ఏమిటో ఇద్దరికీ తెలుసన్నమాట. తర్వాతి మంచి చక్రవర్తులు కూడా దీన్ని కొనసాగించారు.

విటెలియస్ సైన్యం రెండు దారుల్లో వచ్చింది. వాలెన్స్ సుమారు 40,000 మందితో గాల్ మీదుగా, మరో సేనాని సీసీనా 30,000 మందితో చలికాలపు మంచులోనే ఆల్ప్స్ దాటి. ఓథోకు డాన్యూబ్ లీజియన్ల మద్దతుంది, అవి దారిలో ఉన్నాయి. కొన్ని రోజులు ఆగితే 14వ లీజియన్ వస్తుంది, డాన్యూబ్ తీరపు మీసియా బలగాలు వస్తాయి అని అనుభవజ్ఞుడైన సేనాని స్యూటోనియస్ పాలినస్ చెప్పాడు. ఓథో వినలేదు. ఏప్రిల్ 14న ఉత్తర ఇటలీలోని బెడ్రియాకమ్ దగ్గర ఓడిపోయి, 16న పొద్దున్నే ప్రాణం తీసుకున్నాడు. తొందరపాటు అని అందరూ తిడతారు. రాత్రికి రాత్రి ఇద్దరు సైనికులు యజమానిని మార్చేయడం కళ్లారా చేయించినవాడికి, ఎదురుగా అంతకంటే పెద్ద బేరగాడు ఉండగా, వేచి ఉన్న ప్రతిరోజూ ప్రమాదంగానే తోచి ఉంటుంది.

విటెలియస్ తిండి గురించి పేజీలకు పేజీలు రాశారు. కొద్ది నెలల్లో 90 కోట్లు తగలేశాడని టాసిటస్ లెక్క. నన్ను అడిగితే ఆయన్ను ముంచిన నిర్ణయం వేరు. గెలిచిన సైన్యానికి ఇవ్వడానికి నగదు లేక ఉద్యోగాలు ఇచ్చాడు. పాత ప్రిటోరియన్లను ఇంటికి పంపి, వెయ్యి మంది చొప్పున 16 ప్రిటోరియన్ దళాలు, 4 నగర దళాలు కొత్తగా పెట్టాడు. రైన్ నుంచి వచ్చినవాళ్లలో కావాలన్నవాడల్లా ఎక్కువ జీతమున్న ఆ కొలువుల్లో చేరాడు. దాంతో పోరాడే లీజియన్లు డొల్లబోయాయి, రైన్ సరిహద్దు పలచబడి శరదృతువుకల్లా అక్కడి బటావియన్ తెగ తిరుగుబాటు రాజుకుంది, కొలువు పోయిన పాత ప్రిటోరియన్లు కసితో కొత్త యజమాని కోసం వెతుక్కున్నారు. డాన్యూబ్ సైన్యంలో ఓథో పక్షాన ఉన్న సెంచూరియన్లను చంపించాడు. ఓడిన 13వ లీజియన్‌తో క్రెమోనాలో, బొనోనియాలో ఆంఫిథియేటర్లు కట్టించాడు. క్రెమోనా జనం వాళ్లను గేలి చేశారు. అక్టోబర్‌లో అదే లీజియన్ అదే ఊరికి తిరిగి వచ్చింది. నాలుగు రోజుల దోపిడీ తర్వాత క్రెమోనాలో ఊరి బయటి ఒక్క గుడి తప్ప ఏదీ మిగల్లేదు.

జుడియాలో సేనానిగా ఉన్న వెస్పేసియన్‌ను 69 జూలై 1న అలెగ్జాండ్రియాలో ఈజిప్టు ప్రిఫెక్ట్ టైబీరియస్ జూలియస్ అలెగ్జాండర్ సైన్యంతో ప్రమాణం చేయించి చక్రవర్తిని చేశాడు. రెండు రోజుల తర్వాత జుడియాలోని ఆయన సొంత లీజియన్లు ప్రకటించాయి. సిరియా గవర్నర్ మ్యూసియానస్ కలిసి వచ్చాడు. ఇక్కడ జరిగిన పని పద్ధతిని చూడండి: ఆంటియోక్‌లో వెండి బంగారు నాణేలు కొట్టించారు, ఆయుధాల కొలుములు పెట్టారు, విరమించిన సైనికులను తిరిగి పిలిచారు. కానుక విషయంలో వెస్పేసియన్ మాట ఇచ్చింది చాలా మితంగా, వేరేవాళ్లు శాంతికాలంలో ఇచ్చినదానికి మించి కాదు. తాను అలెగ్జాండ్రియాలో కూర్చున్నాడు. రోమ్ తినే ధాన్యంలో మూడో వంతు దాకా ఈజిప్టుదే. ఆ ఓడలు ఆగితే రోమ్‌లో ఏ చక్రవర్తీ నిలవడు. తర్వాత 70లో ఆయన వదిలిన మొదటి ఓడలు చేరేసరికి నగరం గోదాముల్లో పది రోజులకు మించి గింజలు లేవు.

యుద్ధం మాత్రం ఆయన అనుకున్నట్టు ఆకలితో ముగియలేదు. డాన్యూబ్ సరిహద్దు రాష్ట్రం పన్నోనియాలోని 7వ లీజియన్ అధిపతి ఆంటోనియస్ ప్రైమస్ ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా ఇటలీలోకి దూకాడు. అక్టోబర్ 24 రాత్రి క్రెమోనా దగ్గర చీకట్లో పోరు. విటెలియస్ పక్షం రోడ్డు మీద పెట్టిన పెద్ద బాలిస్టా ఒకటి బండరాళ్లు విసురుతూ వరుసలకు వరుసలే నలిపేస్తోంది. ఇద్దరు సైనికులు చచ్చిన శత్రువుల డాళ్లు ఎత్తుకుని, వాళ్లలో వాళ్లలా కలిసిపోయి వెళ్లి, ఆ యంత్రం మోకులు కోసేశారు. అక్కడికక్కడే ఇద్దరినీ నరికేశారు, అందుకే వాళ్ల పేర్లు మిగల్లేదు. తెల్లవారగానే సిరియాలో చాలాకాలం ఉన్న 3వ లీజియన్ అక్కడి ఆచారం ప్రకారం ఉదయించే సూర్యుడికి కేక వేసి వందనం చేసింది. మ్యూసియానస్ సైన్యం వచ్చేసిందన్న పుకారు పుట్టి, ఎదుటి పక్షం గుండె జారిపోయింది.

నా వాదనకు గట్టి సాక్ష్యం డిసెంబర్‌లో ఉంది. వెస్పేసియన్‌కు అన్నగారైన ఫ్లేవియస్ సబైనస్ అప్పుడు నగర ప్రిఫెక్ట్, అంటే రోమ్ నగర పాలనాధికారి. పదవి దిగితే విటెలియస్‌కు ప్రాణభిక్ష, 10 కోట్ల సెస్టర్సులు ఇచ్చేట్టు ఆయనతో బేరం కుదిరింది. డిసెంబర్ 18న విటెలియస్ నల్లబట్టలు కట్టుకుని, చిన్న కొడుకును వెంటబెట్టుకుని పదవి దిగిపోవడానికి బయల్దేరాడు. దిగనివ్వలేదు. జనంతో పాటు ఆయన సైనికులే దారులు మూసేసి మళ్లీ రాజభవనానికి తోలారు. ఆయన దిగిపోతే పోయేది వాళ్ల కొత్త కొలువులు. మర్నాడు కాపిటల్ కొండ మీది జూపిటర్ గుడి తగలబడింది, సబైనస్‌ను చంపేశారు. 20న వెస్పేసియన్ సైన్యం నగరంలోకి జొరబడింది. ఆ రోజు అన్నిటికంటే భీకరమైన పోరు రాజభవనం కోసం జరగలేదు, ప్రిటోరియన్ శిబిరం కోసం జరిగింది. విటెలియస్ తీసేసిన పాత ప్రిటోరియన్లు తమ శిబిరాన్ని తిరిగి దక్కించుకోవడానికి ఎగబడ్డారు, లోపలి కొత్తవాళ్లు ఒక్కడూ వెన్ను చూపకుండా చచ్చారు. అటూ ఇటూ ఉన్నది ఒకే ఉద్యోగం కోసం కొట్టుకున్న మనుషులు. మ్యూసియానస్ వచ్చాక గెలిచిన సైనికులకు తలకు దక్కింది 100 సెస్టర్సులని తర్వాతి చరిత్రకారుడు డియో రాశాడు. అప్పట్లో గాల్బా పేరిట వాగ్దానం 30,000, ఇప్పుడు చేతికి వచ్చింది 100, అయినా ఎవరూ తిరగబడలేదు. ముందు చెప్పింది తక్కువ, చెప్పినవాడి వెనక సైన్యాలున్నాయి, ఇద్దరు ఎదిగిన కొడుకులున్నారు.

వెస్పేసియన్ మంచి పాలకుడు కాదని నేననడం లేదు. పొదుపరి, కష్టజీవి, రోమ్‌కు ఆ సమయంలో కావాల్సిన మనిషే. కానీ గాల్బాకూ పొదుపు ఉంది, క్రమశిక్షణ ఉంది. ఒకరిని నిలిపి ఒకరిని కూల్చినది గుణం కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇన్ని ప్రాణాలు పోయాక వారసత్వానికి చట్టం రాసుకున్నారా అంటే, రాసుకోలేదు. వెస్పేసియన్‌కు అధికారాలిచ్చిన చట్టం కంచు ఫలకం రెండో సగం ఇప్పటికీ రోమ్‌లోని కాపిటలైన్ మ్యూజియంలో ఉంది. ఎవరితోనైనా సంధి చేసుకోవచ్చు, సెనేట్‌ను పిలవచ్చు, పదవులకు పేర్లు సిఫారసు చేయొచ్చు, రాజ్యహితమనుకున్నది ఏదైనా చేయొచ్చు అని ఒక్కో క్లాజూ చెబుతుంది, కొన్నిటిలో అగస్టస్‌కూ టైబీరియస్‌కూ క్లాడియస్‌కూ ఉన్నట్టుగానే అని ఉంటుంది. కాలిగులా, నీరోల పేర్లు లేవు, ఆ ఏడాది ముగ్గురి పేర్లూ లేవు. ఈ చట్టం రాకముందు చేసినవన్నీ చెల్లుతాయని కూడా ఉంది. మిగిలిన ఆ భాగంలో తర్వాత ఎవరన్న ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు. వెస్పేసియన్ తన పాలన మొదలైన రోజుగా సెనేట్ తీర్మానం చేసిన డిసెంబర్ రోజును తీసుకోలేదు, అలెగ్జాండ్రియా సైన్యం ప్రమాణం చేసిన జూలై 1నే తీసుకున్నాడు. వారసత్వానికి ఆయన జవాబు ఒక్కటే: నా తర్వాత నా కొడుకులు, లేదంటే ఎవరూ కాదు. పెద్ద కొడుకు టైటస్‌కు 71 నుంచే ట్రిబ్యూన్ అధికారంలో వాటా ఇచ్చి, ప్రిటోరియన్ ప్రిఫెక్ట్‌ను కూడా అతన్నే చేశాడు. 79లో టైటస్‌కు, 81లో చిన్న కొడుకు డొమీషియన్‌కు అధికారం చడీచప్పుడు లేకుండా మారింది.

96 సెప్టెంబర్ 18న డొమీషియన్ హత్యతో అదే సందు మళ్లీ తెరుచుకుంది. సెనేట్ ఎన్నుకున్న నెర్వా ముసలివాడు, పిల్లల్లేరు, 97లో ప్రిటోరియన్లు భవనాన్ని చుట్టుముట్టి ఆయన చేతే తమ శత్రువులను చంపించుకున్నారు. అచ్చం గాల్బా ఉన్న చోటే ఉన్నాడు. ఆయన దత్తత తీసుకున్నది మాత్రం పైసో లాంటి వంశస్థుడిని కాదు, జర్మనీ సరిహద్దు సైన్యానికి అధిపతిగా ఉన్న ట్రాజన్‌ను. ట్రాజన్ ఆ గొడవ చేసిన గార్డు నాయకుడినీ అతని అనుచరులనూ పని ఉందని పిలిపించి అడ్డు తొలగించాడు, రోమ్‌కు రావడానికి తొందరపడలేదు. వచ్చాక ప్రజలకు పంచే సొమ్ము మొత్తం ఇచ్చి, సైనికులకు కానుకలో కొంత భాగమే ఇచ్చాడు, కాకపోతే ప్రజలకంటే ముందు ఇచ్చాడు.